కన్నొక్కటే సాక్షియైన దుకాణము

పూర్వము సంతకు పోయినవారు కుండను కొనునపుడు దానిని వ్రేలి కణుపులతో కొట్టి చూచెడివారు. గణగణ మ్రోగిన కుండ మంచిది. బొంగురుగా పలికినది పగులు గలది. చింతపండును నాలుకపై వేసికొని, బియ్యపు గింజను పంట కొరికి, నేతిని ముంజేతికి రాచి వాసన చూచి, చీర యంచును రెండు వ్రేళ్ల నడుమ నలిపి చూచిన పిమ్మట గాని రొంటిని దోపిన డబ్బు తీసెడివారు కారు. చెవి, ముక్కు, నాలుక, చేయి, కన్ను - అయిదును ఆ బేరములో సాక్షులే. వీనికి తోడు ఆరవ సాక్షి యొకటి యుండెను. అది ఊరు. ఆ వర్తకుని తండ్రి యెట్టివాడో, అతని తూనికరాళ్లెట్టివో ఊరివారందరికి తెలియును.

ఇప్పుడు దుకాణము ఫోను తెరలోనికి వచ్చినది. ఆ సాక్షులలో కన్నొక్కటే మిగిలినది. అదియైనను వర్తకుడు చూపదలచినదానినే చూచును.

వెబ్‌సైటునకు పండితులు 'జాలస్థలి' యని పేరు పెట్టిరి. జనులు వెబ్‌సైటనియే యందురు. ఈ విషయమున నేనును జనుల పక్షమే. పెద్ద కంపెనీల సంగతి నేనిచ్చట చెప్పబోవుట లేదు. పోచంపల్లిలో చీరలు నేయు కుటుంబము, ఆత్రేయపురములో పూతరేకులు చుట్టు ఇల్లు, కొండపల్లిలో బొమ్మలు చెక్కు పనివారు - ఇట్టివారు తమ సరకును తామే అమ్ముకొనుటకు పెట్టుకొను చిన్న వెబ్‌సైట్లను గూర్చియే నా మాట. ఆ యూళ్ల పేర్లే తగిలించుకొని, ఆ యూళ్ల పొలిమేరనైన త్రొక్కని మోసగాండ్రు పెట్టిన వెబ్‌సైట్లును వాని ప్రక్కనే కనబడుచుండును. ఈ రెంటిని వేరు చేయుట యెట్లు?

ఇది పెద్దల ప్రశ్న గదా, ఎనిమిదవ తరగతివారికేల యని అడుగవచ్చును. నేడనేక గృహములలో ఫోనును తడబడక చదువగలవారు పిల్లలే. అక్క పెండ్లికి చీర కొనవలసి వచ్చినపుడు అమ్మమ్మ కండ్లద్దములు సవరించుకొని, "ఇది మంచి కొట్టేనా, చూచి చెప్పరా నాయనా" అని ఫోను మీ చేతికిచ్చును. మీరు చెప్పు ఒక్క మాట మీద ఆ కుటుంబము ఏడాది పొడుగున కూడబెట్టిన సొమ్ము కదలును.

ముందుగా విడువవలసిన భ్రమ యొకటి కలదు. అందముగా నున్న వెబ్‌సైటు నిజమైనదనియు, మోటుగా నున్నది మోసపుదనియు మన మనస్సు తనంత తానే తీర్పు చెప్పివేయును. అందము కొనుగోలు వస్తువు. ఏ దుకాణము పేరైనను మార్చి పెట్టుకొనుటకు వీలుగా సిద్ధముగానున్న మూసలు చౌకగా దొరకును. నేడు కృత్రిమ మేధ గల యంత్రములు తప్పు లేని వాక్యములను, ఎన్నడును లేని మగ్గమునకు చిత్రమును, పుట్టని నేతగానికి ముఖమును క్షణములో కల్పించి యిచ్చుచున్నవి. కనుక నున్నని వాక్యమును, మెరయు బొమ్మను చూచి వర్తకుని గుణమును లెక్కించుట వ్యర్థము. మన పెద్దలు పైన పటారము, లోన లొటారమన్నది యిట్టివానిని గూర్చియే.

దీనికి మారుప్రక్క కూడ చూడవలెను. నిజముగా మగ్గము మీద కూర్చుండువాడు వ్రాసికొన్న పుటలో అక్షరదోషము లుండవచ్చును, ఛాయాచిత్రములు మసకగా నుండవచ్చును. తెలుగు చెప్పి బ్రతికినవాడు అక్షరదోషములను క్షమింపుమనుట మీకు వింతగా తోచునేమో. పరీక్షపత్రములో క్షమింపను. కాని 'శుద్ధమైన నెయ్యి' యని వ్రాయబోయి 'సుద్దమైన నెయ్యి' యని వ్రాసినంత మాత్రమున ఆ నేతిలో సుద్ద కలిసినదని చెప్పరాదు గదా! వ్రాతలో తప్పు వేరు, వ్యాపారములో తప్పు వేరు. ఈ రెంటిని కలిపివేసినచో మనము పల్లెటూరి పనివానిని అతని చదువును చూచి శిక్షించినవారమగుదుము.

వెబ్‌సైటు చిరునామా ప్రక్కన కనబడు తాళపు గుర్తును గూర్చియు ఇట్టి భ్రమయే కలదు. తాళమున్నది కాబట్టి కొట్టు భద్రమైనదని పలువురు నమ్ముదురు. మీ ఫోనునుండి ఆ వెబ్‌సైటునకు పోవు మాటలను దారిలో నెవరును చదువలేరని మాత్రమే ఆ తాళమునకర్థము. లక్కముద్ర వేసిన ఉత్తరమును దారిలో విప్పలేదని ముద్ర చెప్పును. ఉత్తరము వ్రాసినవాడు సత్యవంతుడని ముద్ర చెప్పునా? మోసగాండ్రును ఆ తాళమును తెచ్చుకొనగలరు. జనులు దానిని తప్పుగా గ్రహించుచున్నారను కారణముననే 2023లో గూగుల్‌వారు తమ క్రోమ్‌లో ఆ గుర్తును మార్చిరి.

మరి దేనిని చూచి తీర్పు చెప్పవలెను? నా అభిప్రాయమిది: వర్తకుడు తనను గూర్చి యేమి పొగడుకొనెనని గాక, తన మాటకు తాను పట్టుబడుటకు వీలుగా ఏమి వ్రాసి యిచ్చెనని చూడవలెను. "మేము నమ్మకమునకు మారుపేరు" అను వాక్యము ఎవరిని కట్టివేయదు. దానిని అబద్ధమని నిరూపించు మార్గము లేదు. "మా ఇల్లు ఫలానా వీధిలో, ఫలానా దేవాలయము ఎదుట నున్నది, సరకు నచ్చనిచో ఏడు దినములలో తిరిగి పంపవచ్చును, తిరుగు ఖర్చు మాదే" అను వాక్యము వ్రాసినవానిని కట్టివేయును. అది అబద్ధమైనచో ఒక్క బాటసారి పోయి చూచి పట్టుకొనగలడు. మోసగాడు మొదటి రకపు వాక్యములను దోసిళ్లతో పోయును. రెండవ రకపు వాక్యము వద్దకు వచ్చునప్పటికి అతని కలము ఆగిపోవును.

చట్టము కూడ ఈ దారినే నడచినది. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమముల ప్రకారము అంతర్జాలము మీద అమ్ము సంస్థ తన చట్టబద్ధమైన పేరును, ప్రధాన కార్యాలయపు చిరునామాను, సంప్రదించుటకు ఫోను మొదలగు వివరములను, ఫిర్యాదులు వినువారి పేరును స్పష్టముగా ప్రకటింపవలెను. ఫిర్యాదు అందినదని 48 గంటలలో తెలుపవలెను. నెల లోపల పరిష్కరింపవలెను. కావున వెబ్‌సైటు తెరచిన వెంటనే చీరల బొమ్మల మీదికి పోక, పుట యడుగున చిన్న అక్షరములలో నుండు భాగమునకు పొండు. అచ్చట ఇంటి పేరు, వీధి పేరు, పిన్‌కోడు కలవా? లేక వాట్సాప్ సంఖ్య యొక్కటే కలదా? పిన్‌కోడు ఆ యూరిదేనా? చిరునామాను పటములో వెదకినచో ఇల్లు కనబడునా, చెరువు కనబడునా?

కొన్ని సంఖ్యలను సరిచూచుట సులభము. జి.ఎస్.టి. సంఖ్యలో అక్షరములు, అంకెలు కలిసి 15 ఉండును. మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, ఢిల్లీకి 07. ఆ సంఖ్యను ప్రభుత్వపు జి.ఎస్.టి. వెబ్‌సైటులో వేసినచో అది ఎవరి పేర నున్నదో ఉచితముగా తెలియును. పూతరేకులు, ఊరగాయలు, తినుబండారములు అమ్మువారు ఆహార భద్రతా సంస్థ యిచ్చిన 14 అంకెల సంఖ్యను చూపవలెను. దానిని కూడ సరిచూడవచ్చును. అయితే ఇచ్చట కొంత వివేకము కావలెను. చాల చిన్న వర్తకులకు జి.ఎస్.టి. నమోదు అవసరము లేకపోవచ్చును. కనుక ఆ సంఖ్య లేకపోవుట దోషము కాదు. ఉన్న సంఖ్య మరియొకరిదైనచో మాత్రము అంతటితో ఆ పుటను మూసివేయవచ్చును. "మా తాతల కాలమునుండి పోచంపల్లిలో నేయుచున్నాము" అని వ్రాసి 07తో మొదలగు సంఖ్య చూపినవానిని వెంటనే దొంగ యనరాదు. ఢిల్లీలో కొని అమ్మువాడు కావచ్చును. కాని అతడు తాతల మాట యేల చెప్పెనని అడుగు హక్కు మనకు కలదు.

ఇక సరకు సంగతి. పోచంపల్లి చీరనే తీసికొందము. అచ్చటి నేతలో రంగు బట్టకు గాక నూలుకు వేయుదురు. నేయుటకు ముందే పోగులను లెక్క ప్రకారము బిగించి కట్టి రంగులో ముంచుదురు. కట్టిన చోట రంగు అంటదు. ఆ కట్లు విప్పి, మరియొక చోట కట్టి, మరియొక రంగులో ముంచుదురు. మగ్గమునకెక్కించి నేయగా ఆ మచ్చలన్నియు చేరి పువ్వగును, చిలుక యగును, ఏనుగగును. పోగునకు నిండుగ రంగు పట్టినందున బట్టకు రెండు వైపుల చిత్రము ఒకే తీరున కనబడును. రూపముల అంచులు గీత గీసినట్లుండక కొంచెము చెదరినట్లుండును. ఆ చిత్రమునే యంత్రముతో గుడ్డ మీద అచ్చు వేసినచో వెనుక వైపు వెలవెలబోవును. ఈ సంగతి తెలిసిన నేతగాడు తన వెబ్‌సైటులో చీర వెనుక వైపును కూడ చూపును. చూపుట అతనికి గర్వము. అచ్చు గుడ్డ అమ్మువాడు సుందరి భుజము మీద పరచిన పైట నొక్కదానినే పది కోణములలో చూపును. చీర వెనుక వైపు చూపని పోచంపల్లి దుకాణమును నేను అనుమానింతును. ఈ ఒక్క పరీక్షయే చాలునని చెప్పను. సగము నకిలీలు దీనిని కూడ దాటవచ్చును. అయినను ప్రశ్న అడుగుటకు ఇది మంచి చోటు.

లెక్క కూడ మాటాడును. చేమగ్గము మీద చీర దినముల తరబడి సాగును. ఒకే రంగు, ఒకే పువ్వు, ఒకే కొలత గల చీరలు అయిదు వందలు సిద్ధముగా నున్నవనియు, రేపే పంపెదమనియు, ధర మార్కెట్టులో నాలుగవ వంతనియు ఒక పుట చెప్పినచో ఆ మూడు మాటలు ఒక దానితో నొకటి పొసగవు. అన్నియు చేతితో నేసినవే యైనచో అంత చౌక యెట్లు? అంత చౌక యైనచో నేసినవాని కూలి యెక్కడ?

'భౌగోళిక సూచిక' యను మాట నిప్పుడు ప్రతి దుకాణమును వాడుచున్నది. 1999 నాటి చట్టము 2003లో అమలునకు వచ్చిన పిదప పోచంపల్లి ఇక్కత్తు, కొండపల్లి బొమ్మలు మొదలగునవి ఆ గుర్తింపు పొందినవి. ఆత్రేయపురము పూతరేకులు 2023లో పొందినవి. ఆ గుర్తింపు సరకునకు, సీమకు చెందినదే గాని ఆ పేరు వ్రాసికొన్న ప్రతి వర్తకునకు చెందినది కాదు. దానిని వాడుకొను హక్కు గలవారి పేర్లు చెన్నైలోని కార్యాలయములో నమోదగును. కాబట్టి "మా ఊరి పూతరేకులకు గుర్తింపు కలదు" అనుట ఒకటి, "ఆ గుర్తింపును వాడుటకు మేము నమోదైతిమి" అనుట మరియొకటి. రెండవ మాట చెప్పినవాడే నమోదు వివరము చూపవలెను.

నాకు మిక్కిలి నమ్మిక కలిగించునది వర్తకుడు తనకు నష్టము కలుగునని తెలిసియు వ్రాసిన వాక్యము. "చేనేత గనుక పోగులలో అచ్చటచ్చట ముడులు కనబడును." "తెర మీద కనబడు రంగునకు చీర రంగునకు కొంత భేదముండును." "మొదటి ఉతుకున రంగు కొంచెము దిగును." "ఈ చీర యింకను మగ్గము మీద నున్నది. ఇరువది దినములు పట్టును." ఇట్టి మాటలు అమ్మకమును తగ్గించును. అయినను వ్రాసెనన్నచో, ఆ మనిషి రేపటి కొనుగోలుదారుని ముఖమును కూడ ఊహించుకొని వ్రాసెనన్న మాట. వీనిని సయితము దొంగిలించువారు లేకపోలేదు. అందుకు చిన్న ఉపాయము: ఆ వాక్యమును ఉన్నదున్నట్లుగా వెదకి చూడుడు; చిత్రమును కూడ చిత్రముతోనే వెదకు సదుపాయము ఫోనులో కలదు. అదే వాక్యము, అదే చీర, అదే సుందరి పది దుకాణములలో పది పేర్లతో కనబడినచో సంగతి తేలిపోవును.

కొనినవారి మెప్పుమాటలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అందరును అయిదు నక్షత్రములే యిచ్చిన చోట నాకు పరీక్షలో అందరును నూటికి నూరు తెచ్చుకొన్న తరగతి జ్ఞప్తికి వచ్చును. ఒక ఫిర్యాదు, దానికి వర్తకుడు మర్యాదతో నిచ్చిన సమాధానము నాకు వంద మెప్పులకంటె విలువైనవి. "రెండే మిగిలినవి", "పది నిమిషములలో తగ్గింపు ముగియును" అని పరుగెత్తు గడియారములను చూచి తొందరపడవలదు. పుటను మూసి మరల తెరచినచో గడియారము మరల పది నిమిషములనుండియే మొదలగుటను మీరే చూడవచ్చును. 2023లో ప్రభుత్వము నిషేధించిన 13 రకముల మాయపద్ధతులలో ఈ కల్పిత తొందర యొకటి.

"ఇంత శ్రమ యేల? చిన్న వెబ్‌సైట్లను నమ్మనే వద్దు, పెద్ద కంపెనీల వద్దనే కొనవచ్చును గదా" యని అనువారు కలరు. ఇది జాగ్రత్తవలె వినబడును గాని, నా దృష్టిలో సోమరితనము. చీరను దళారికి అమ్మిన నేతగానికి మిగులునది స్వల్పము. తానే అమ్మినచో ఆ మధ్యవాని వాటా అతని యింటికి చేరును. చేనేత కుటుంబములు మగ్గము విడిచి పట్టణములకు కూలికి పోవుటను మన తెలుగునాట చూచుచునే యున్నాము. అట్టివానికి ఫోను తెర ఒక కొత్త సంత. అందు దొంగలు చొరబడిరని సంతనే మానినచో దొంగకు నష్టమేమి? అతడు రేపు మరియొక పేరు పెట్టుకొనును. పేరు మార్చుకొనలేనివాడు, ఊరు మార్చుకొనలేనివాడు నిజమైన నేతగాడు. మన అనుమానము పూర్తిగా పడునది అతని మీదనే. అందరిని నమ్మువానివలెనే ఎవరిని నమ్మనివాడును తీర్పు చెప్పుట మానుకొన్నవాడే.

సందేహము తీరనిచో ఫోను చేయుట మేలు. ఈ మాట చెప్పిన నన్ను పాతకాలపువాడనవచ్చును. "అయ్యా, ఈ చీర యెవరు నేసిరి? వెనుక వైపు చిత్రము పంపగలరా? పట్టా, నూలా, రెండు కలిసినవా?" అని మర్యాదగా నడుగుడు. నేయువాడు కొంచెము విసుగుకొన్నను వివరము చెప్పును. మీరడుగని సంగతులు కూడ చెప్పి మిమ్ము ఫోను పెట్టనీయడు. అమ్మకమొక్కటే తెలిసినవాడు "ముందు డబ్బు పంపుడు, అన్నియు పంపెదను" అనును.

డబ్బు పంపునపుడు యు.పి.ఐ.లో గ్రహీత పేరు ముందుగా కనబడును, చదువక నొక్కరాదు. చిన్న దుకాణమునకు యజమాని స్వంత పేరు కనబడుట సహజమే; దుకాణముతో గాని, యజమానితో గాని సంబంధము లేని పేరు కనబడినచో ఆగి యడుగవలెను. డబ్బు తిరిగి యిచ్చెదమని చెప్పి మీచేత పిన్ నొక్కింపజూచువాడు మోసగాడే; డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. మోసము జరిగెనని తెలిసిన మరుక్షణమే 1930కి ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము చేయి దాటిపోవును. సరకు బాగుండక వర్తకుడు పలుకనిచో 1915కు తెలుగులోనే చెప్పుకొనవచ్చును. అప్పటికిని తేలనిచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము కొనినవారు తాము నివసించు జిల్లాలోని కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చును. అమ్మినవాని యూరికి తిరుగనక్కరలేదు. దీనికి ఆధారములు కావలెను. ఆ పుటను, అందలి ధరను, తిరిగి తీసికొందుమన్న వాగ్దానమును, చిరునామాను ఫోనులో చిత్రములుగా తీసి దాచుట సొమ్ము పంపుటకు ముందే జరుగవలెను. మోసగాని వెబ్‌సైటు మరునాటికి కనబడునన్న నమ్మకము లేదు.